తెర నల్లబడిన ల్యాప్‌టాపు: నాడి చూచు విధము



వ్యాధిని నిర్ణయింపక మందిచ్చు వైద్యుని ఎవరును మెచ్చరు. అయినను మన యిండ్లలోని యంత్రముల విషయమున మనము చేయుచున్నది అదియే. ఏడెనిమిది సంవత్సరములు చాకిరి చేసిన ల్యాప్‌టాపు తెర యొకనాడు నల్లబడినంతనే “దీని పని ముగిసినది, క్రొత్తది కొనవలయును” అని నిశ్చయించుకొందుము. పిల్లల చదువు కాగితములు, ఇంటి జమాఖర్చులు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు అందులోనే యున్నవని అప్పుడు జ్ఞప్తికి వచ్చి గుండె ఝల్లుమనును. కావున తెరకు వచ్చు జబ్బులను గుర్తించు విధమును ఈ నెల వివరించెదను. యంత్రమును విప్పనక్కరలేదు. ఒక టార్చిలైటు, ఇంటిలోని టెలివిజను, కొంచెము ఓపిక చాలును.

మొదట ఒక ముఖ్యవిషయము. తెర వేరు, యంత్రమును నడపు మెదడు వేరు, మన వ్రాతలు దాచియుంచు డిస్కు వేరు. గదిలో దీపమారినంతనే పెట్టెలోని నగలు మాయము కావు గదా! అట్లే తెర చెడినంత మాత్రమున లోపలి కాగితములు చెడవు.

ఇక పరీక్షలు. యంత్రమును తెరచు మీట నొక్కగానే చిన్న దీపము వెలుగుచున్నదా? లోపలి పంకా చప్పుడు వినబడుచున్నదా? ఏదియు లేనిచో ముందుగా తెరను గాక, చార్జరునో బ్యాటరీనో అనుమానింపవలయును. చార్జరును తీసివేసి, బ్యాటరీ సులభముగా ఊడదీయదగినదైనచో దానినికూడ తీసి, ఆ మీటను అరనిమిషము నొక్కి పట్టుడు. పిదప అన్నియు తగిలించి మరల చూడుడు. ఇంతమాత్రముననే లేచి కూర్చున్న యంత్రములు కలవు.

ప్రాణమున్నదని తెలిసిన పిమ్మట చిన్న కారణములను వెదకవలయును. పసిబిడ్డ చేయి తగిలి వెలుతురు తగ్గించు మీట నొక్కబడియుండవచ్చును. మరియొక వింత కారణము కలదు. మూత మూసినట్లు తెలియుటకై అనేక ల్యాప్‌టాపులలో అయస్కాంతమును, దానిని పసిగట్టు సాధనమును అమర్తురు. అయస్కాంతపు కొక్కెము గల చేతిగొలుసు గాని, ఫోను తొడుగు గాని ఆ చోటికి వచ్చినచో, మూత మూసిరని భ్రమించి యంత్రము నిద్రించును. అట్టివానిని దూరముగా నుంచి చూడుడు.

అప్పటికిని తెర నల్లగానే యున్నచో గదిని చీకటి చేసి, టార్చిలైటును తెరపై ఏటవాలుగా వేయుడు. మసకగా బొమ్మ కనబడినచో తెర పనిచేయుచునే యున్నది; దాని వెనుకనుండి వెలుగునిచ్చు దీపమో, ఆ దీపమునకు విద్యుత్తు నందించు భాగమో చెడినదన్నమాట.

అన్నింటికంటె విలువైనది టెలివిజను పరీక్ష. హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో ల్యాప్‌టాపును టెలివిజనుకు కలుపుడు. బొమ్మ తనంత రానిచో విండోస్ గుర్తుగల మీటను, ‘పి’ మీటను కలిపి నొక్కినయెడల ఏ తెరపై చూపవలయునను పట్టిక వచ్చును. టెలివిజనుపై బొమ్మ స్వచ్ఛముగా వచ్చినచో మెదడు క్షేమము. దోషము సాధారణముగా తెరకో, దాని తీగకో పరిమితము. రెండు చోట్లను ఒకే విధమగు గీతలు కనబడినచో చిత్రములను కల్పించు గ్రాఫిక్స్ భాగమునో, దానిని నడపు డ్రైవరు అను సాఫ్టువేరునో శంకింపవలయును. తయారుచేసినవారి గుర్తు తెరపైకి వచ్చునప్పుడే గీతలున్నచో అది సాధారణముగా భాగముల దోషము. విండోస్ వచ్చిన తరువాతనే పుట్టినచో డ్రైవరును మరల ఎక్కించుటతో కుదురవచ్చును.

తెర రెపరెపలాడుచున్నచో మూతను మెల్లగా ముందు వెనుకలకు కదల్చి చూడుడు. ఒక కోణమున బొమ్మ వచ్చి, మరియొక కోణమున పోవుచున్నయెడల, మడతబందు ప్రక్కగా పోవు తీగ నలిగియుండవచ్చును; లేదా దాని కొన వదులై యుండవచ్చును. తెర మార్చుటకంటె తీగ మార్చుట సాధారణముగా చౌక. సిరా ఒలికినట్లు నల్లని మరక వ్యాపించుచున్నచో మాత్రము లోపలి గాజు పగిలినదని గ్రహింపుడు. దానికి తెర మార్చుట తప్ప వేరు మందు లేదు.

ఒక హెచ్చరిక. ల్యాప్‌టాపు అడుగుభాగము గాని, వ్రేలితో రాయు పలక గాని ఉబ్బినట్లున్నచో పరీక్షలన్నియు మానుడు. అది బ్యాటరీ ఉబ్బుటకు గుర్తు; నిప్పంటుకొను ప్రమాదము కలదు. చార్జరు తీసి, నొక్కక, గ్రుచ్చక, తెలిసినవారికి చూపుడు.

టెలివిజనుపై బొమ్మ వచ్చినవెంటనే చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు. ముఖ్యమైన కాగితములను, ఛాయాచిత్రములను వేరొక డిస్కులోనికి ఎత్తివ్రాయుట. మరమ్మతులో ఏమి జరిగినను మన సొత్తు మనకు దక్కుటకు ఇదియే మార్గము. తరువాత దుకాణమునకు పోయినప్పుడు “తెర రాలేదు” అని మాత్రము చెప్పక, “టెలివిజనుపై వచ్చుచున్నది, మూత కదిపిన పోవుచున్నది” అని మీరు చూచినదంతయు చెప్పుడు. ఏ భాగమునకు ఎంత యగునో వ్రాయించుకొనుడు. మార్చిన పాత భాగమును చూపుమని అడుగుడు. తెలిసి యడుగు గృహిణికిని, తెలియక తలయూపు గృహిణికిని ఒకే లెక్క చెప్పుట ఎవరికైనను కష్టమే!

గ్రాఫిక్స్ భాగమే చెడినచో పాత యంత్రముపై పెద్ద మొత్తము వెచ్చించుట వివేకము కాకపోవచ్చును. తెర మాత్రమే చెడినదైతే, మరమ్మతుకు సొమ్ము చేకూరువరకు టెలివిజనుకు తగిలించి పిల్లల చదువు సాగించుకొనవచ్చును. ఒక అవయవము అలసినంత మాత్రమున ఇంటిలో ఇంతకాలము పనిచేసిన దానిని మూలకు నెట్టనక్కరలేదు.