కండ చాలదా, ఎద కూడా కొనాలా?

— ద్వితీయ బి.యస్సీ. విద్యార్థిని

కాలేజీ వార్షిక సంచికలో ఇట్లాంటి వ్యాసమా అని కొందరు ముక్కు మీద వేలు వేసుకోవచ్చు. వరకట్నం మీదో, నిరుద్యోగం మీదో, మన జిల్లా కరువు మీదో రాసి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. సంపాదక వర్గంలోని ఒక మిత్రుడు నా కాగితాలు చూసి, "కొంచెం మర్యాదగా ఉండే విషయం ఏదన్నా రాయరాదా?" అన్నాడు కూడా. కానీ మిత్రులారా, క్షీరదాలకు ఆ పేరు ఎందుకు వచ్చిందో జంతుశాస్త్రం తరగతిలో తల వంచుకోకుండా చదువుకునే మనం, ఆ పాఠం మన అక్కచెల్లెళ్ళ దాకా వచ్చేసరికి ఎందుకు నీళ్ళు నములుతున్నాము?

విషయం నాకు పుస్తకంలో ఎదురు కాలేదు. ఇంట్లోనే ఎదురయింది. మా పెదనాయన కూతురు బెంగళూరులో ఒక జిమ్‌లో ట్రైనరు. పేరు రాయను. శెనక్కాయ చేన్లో నాతోబాటు కలుపు తీసిన మనిషి. పంటలు వరసగా పోయిన ఏడు బెంగళూరు బస్సెక్కింది. ముందు ఆ జిమ్‌లోనే బల్ల దగ్గర కూర్చుని చిట్టీలు రాసేది, తర్వాత తనే బరువులు పట్టింది. రెండేళ్ళుగా ఫిట్‌నెస్ పోటీల్లో నిలబడుతోంది. దసరాకు ఊరికి వస్తే మా అవ్వ దాని భుజాలు తడిమి, "ఇదేందే, మగరాయుని మాదిరి అయినావు!" అని ఏడ్చినంత పని చేసింది. అక్క నవ్వి ఊరుకుంది.

పోయిన పోటీలో అక్కకు నాలుగో స్థానం వచ్చింది. ఆ రంగంలో బాగా నలిగిన ఒకాయన పక్కకు పిలిచి, "కండ బాగుంది, నడుము బాగుంది, పైన మాత్రం ఖాళీ. అది చేయించుకుంటే మొదటి ముగ్గురిలో ఉంటావు" అన్నాడట. 'అది' అంటే ఏమిటో వివరించవలసిన పని లేకపోయింది. తోటి పోటీదారుల్లో కొందరు చేయించుకున్నవాళ్ళే. ఆ రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు అక్క నాతో అంది: "నువ్వు సైన్సు చదువుతాండావు కదమ్మే. ఆ ఇంప్లాంటు సంగతేందో చదివి నాకు మన మాటల్లో చెప్పు. డాక్టర్లనడిగితే చేయించుకోమనే చెప్తారు." అప్పటినుంచి సెమిస్టరు పుస్తకాలు పక్కన పెట్టి ఇదే చదివాను. మార్కులు ఎట్లా వచ్చాయో అడగొద్దు.

మొదట తెలుసుకోవలసింది శరీర నిర్మాణం. స్తనంలో కండరం లేదు. ఉన్నవి పాలగ్రంథులు, కొవ్వు, వాటిని పట్టి ఉంచే తంతువులు. వాటి వెనుక, పక్కటెముకల మీద పరచుకుని ఉన్నది పెక్టొరాలిస్ మేజర్ అనే కండరం. ఎన్ని బెంచి ప్రెస్‌లు చేసినా పెరిగేది ఆ వెనుకటి కండరమే. పోటీకి ముందు వారాల తరబడి తిండి తగ్గించి, చర్మం కింద కొవ్వు కరిగిస్తారు, కండరాల గీతలు కనబడాలని. ఇక్కడి కొవ్వు కరగాలి, అక్కడిది మాత్రం నిలవాలి అని శరీరానికి ఉత్తరం రాయలేము కదా! అన్నిచోట్లా కరుగుతుంది, ఎద కూడా కరుగుతుంది. తిండి మరీ తగ్గితే నెలసరి ఆగిపోతుంది, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో దీనికి ఒక పేరు కూడా పెట్టింది. తెలుగులో చెప్పాలంటే క్రీడాకారుల శక్తి లోటు.

మనకు అంత పెద్ద పేరు అక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బతికే సీమ మనది. వాన తప్పితే శెనక్కాయ చెట్టు ఏం చేస్తుందో పసిపిల్లలకు కూడా తెలుసు. పూత తగ్గుతుంది, నేల గట్టిపడి ఊడ దిగదు, కాయ పట్టదు. చెట్టు ముందు తన ప్రాణం కాపాడుకుంటుంది. అక్క తన ఒంట్లో చేస్తున్నది అదే, కోరి తెచ్చుకున్న కరువు. ఆ కరువును మెచ్చుకుని మార్కులు వేసే కళ్ళే, కరువులో పోయినదాన్ని చూసి 'ఖాళీ' అంటున్నాయి. కొవ్వు కరిగించమన్నదీ వాళ్ళే, కరిగిన చోట సిలికాన్ నింపుకు రమ్మన్నదీ వాళ్ళే. ఇదేం న్యాయం?

నా వాదమంతా ఇక్కడే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆమె ఎద ఎంత, నడుము ఎంత అని ఆ ఇనుప కడ్డీ అడిగిందా? లేచిందా లేదా, అంతే. మన ఆర్.డి.టి. మైదానాల్లో హాకీ ఆడే పల్లె పిల్లల గోలుకు కూడా అందం చూసి మార్కు వెయ్యరు. అక్క ఎన్నుకున్న ఆటలో తూకం లేదు, గడియారం లేదు, ఉన్నవి కళ్ళు మాత్రమే. వాటి ముందు ఎంత సన్నబడ్డా చాలదు, ఎంత పెరిగినా ఎక్కువే.

ఇది నా ఊహ కాదు, చరిత్రే. ఆడవాళ్ళ మిస్ ఒలింపియా పోటీ 1980లో మొదలయింది. 1983లో లాస్ వేగాస్‌లో జరిగిన మరొక పోటీకి ఆస్ట్రేలియా నుంచి బెవ్ ఫ్రాన్సిస్ వచ్చింది. అంతకుముందు ఆ స్థాయి కండ ఏ స్త్రీ మీదా ఆ వేదిక చూడలేదు. ఆమెకు దక్కింది ఎనిమిదో స్థానం. కండల పోటీలో కండ ఎక్కువైందని వెనక్కు నెట్టారు! ఆ పోటీ మీద 1985లో సినిమా కూడా వచ్చింది. తర్వాత 1995లో ఫిట్‌నెస్, 2003లో ఫిగర్, 2010లో బికినీ అని కొత్త విభాగాలు తెచ్చి, కండకు హద్దు పెట్టి 'స్త్రీత్వానికి' పీట వేశారు. అసలు మిస్ ఒలింపియానే 2014 తర్వాత ఆపేసి, మళ్ళీ 2020లో పెట్టారు. ఈ వేదికలు మనకు దూరమేమీ కాదు. హైదరాబాదులో ఇద్దరు బిడ్డల తల్లి కిరణ్ డెంబ్లా 2013లో బుడాపెస్టు ప్రపంచ పోటీలకు వెళ్ళారు. ఇంప్లాంటు ఉండాలని నేను చూసిన ఏ నియమావళిలోనూ లేదు. 'సమతౌల్యం', 'సౌష్ఠవం' అని మాత్రం ఉంటుంది. ఆ రెండు మాటల చాటున ఏమైనా దాచవచ్చు.

ఇక వస్తువు సంగతి. సిలికాన్ జెల్ ఇంప్లాంటును మొదటిసారి అమెరికాలోని హ్యూస్టన్‌లో 1962లో పెట్టారు. ముప్పై ఏళ్ళు వాడిన తర్వాత, 1992లో అక్కడి ప్రభుత్వమే భద్రతకు రుజువులేవని అందం కోసం వాడటాన్ని ఆపింది. 2006లో మళ్ళీ అనుమతించింది. ఫ్రాన్సులో ఒక కంపెనీ పరిశ్రమల్లో వాడే చౌక సిలికాన్‌ను నింపి లోకమంతా అమ్మిందని 2010లో బయటపడింది, దాని యజమానికి 2013లో శిక్ష పడింది. గరుకు పైపొర ఉన్న ఒక రకం వల్ల అరుదైన లింఫోమా క్యాన్సరు వస్తున్నదని 2019లో వెనక్కు పిలిపించారు. అరుదైనదే, భయపెట్టడానికి రాయడం లేదు. కానీ ఇది జీవితాంతం ఉండే వస్తువు కాదని కంపెనీలే ఒప్పుకుంటాయి. చుట్టూ మచ్చకణజాలం గట్టిపడవచ్చు, సంచి చిరగవచ్చు, మళ్ళీ కోత పడవచ్చు.

అక్కలాంటి వాళ్ళకు ఇంకొక చిక్కు ఉంది. కొవ్వులేని ఒంటిలో కండరానికి పైన పెడితే అంచులు, ముడతలు కనబడతాయి. కండరం కింద పెడితే, కండ బిగించినప్పుడల్లా సంచి పక్కకు జరుగుతుంది. వేదిక మీద చేసే పనే కండ బిగించడం! పైగా ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాలు బరువులు ముట్టరాదు. ట్రైనరుకు ఆరు వారాలంటే ఆరు వారాల జీతం.

ఖర్చు ఎంతని అడిగితే అక్క ఒక అంకె చెప్పింది. మా నాయన పోయినేడు మూడో బోరుకు పెట్టిన డబ్బుకు అది దగ్గర దగ్గర సమానం. మొదటి రెండూ ఎండిపోయాయి. ఇంకొక్కటి వేస్తే పడుతుందన్నారు, అప్పు తెచ్చి వేశాడు. దుమ్ము లేచింది. నీళ్ళు పడినా పడకపోయినా రిగ్గు బండివాడికి అడుగుల లెక్కన డబ్బు ముట్టింది. అక్క చెప్పిన అంకె వినగానే నాకు ఆ దుమ్మే గుర్తొచ్చింది.

అట్లని చేయించుకున్న ఆడదాన్ని తిట్టేవాళ్ళ పక్షాన నేను లేను. రొమ్ము క్యాన్సరుతో ఎద పోగొట్టుకున్న తల్లికి ఇదే సిలికాన్ ఊరట. మద్రాసు స్టాన్లీ ఆస్పత్రిలో 2018లో బీదలకు స్తన శస్త్రచికిత్స ఉచితమని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించినప్పుడు చాలామంది నవ్వారు. బీదదానికి తన ఒంటి మీద కోరిక ఉండకూడదా? సూదిమందులతో చేతులు లావు చేసుకునే మగపిల్లల్ని 'బాడీ భలే ఉంది' అని మెచ్చుకునే మన హాస్టలు, ఆడదాని దగ్గరకు రాగానే నీతిశతకం చదవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్క ఒళ్ళు అక్కది. కాని ఆ కోరిక ఆమెకు తనంతట పుట్టిందా, నాలుగో స్థానం పుట్టించిందా అన్నదే నా ప్రశ్న. పోటీలు పెట్టేవాళ్ళు ఎద పరిమాణానికి మార్కు లేదని తెల్లకాగితం మీద రాయాలి. ఏ అంశానికి ఎన్ని మార్కులు వేశారో న్యాయనిర్ణేతలు పోటీదారు చేతికి ఇవ్వాలి. వ్యాయామ విద్య చెప్పే మన అధ్యాపకులు ఈ మాట అడగగలిగిన స్థానంలో ఉన్నారు. అడగమని నా మనవి.

చదివిందంతా రెండు కాగితాల్లో రాసుకుని పోయిన ఆదివారం అక్కకు ఫోనులో వినిపించాను. మధ్యలో ఆపకుండా విన్నది. చివరకు, "నువ్వయితే చేయించుకుంటావా?" అని అడిగింది. చేయించుకోనని చెప్పాను. "నువ్వు స్టేజీ ఎక్కవు కదమ్మే" అంది. నిజమే. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే, వచ్చే పోటీకి ఇట్లాగే పోతానని, తర్వాతి సంగతి తర్వాత చూస్తానని చెప్పింది. ఆ రెండు కాగితాలు మాత్రం పోస్టులో పంపమంది. జిమ్‌లో ఇంకో ఇద్దరు అమ్మాయిలు అడుగుతున్నారట.