స్పృహ తప్పినది ఉద్యోగికా, యాజమాన్యానికా?



2024 మే 29న ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో 46.8 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. ఆ వేసవిలోనే ఆర్.కె. పురం క్వార్టర్ల మెట్లు ఎక్కి దిగి ఉత్తరాలు పంచివచ్చిన పోస్టుమన్ సోదరుడొకరు, లెక్క అప్పగించే వరుసలో నిలబడి ఉండగానే కుప్పకూలినారు. ఆయనకు రక్తపోటు లేదు, మధుమేహం లేదు. అయినా అధికారి అన్నదేమి? "బలహీనుడు, వైద్యపరీక్షకు పంపండి. రాయలసీమవాడికి ఎండ కొత్తా?"

ఈ వైఖరిని మేము తీవ్రంగా ఖండిస్తున్నాము.

మనిషి నిలబడినప్పుడు అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. నడిచేటప్పుడు పిక్కల కండరాలు దానిని పైకి నెట్టుతూ ఉంటాయి. కదలక నిలిచినచో ఆ సహాయం ఆగిపోతుంది. ఎండకు, శ్రమకు రక్తనాళాలు అప్పటికే వ్యాకోచించి ఉంటాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. అప్పుడు ఒక నాడీ ప్రతిచర్య వల్ల గుండె వేగం, రక్తపోటు హఠాత్తుగా పడిపోతాయి. మెదడుకు కొద్ది సెకన్లు రక్తం అందకపోతే చాలు, ఎంతటి ఆరోగ్యవంతుడైనా పడిపోతాడు. 2023 జూన్ 10న లండన్‌లో యువరాజు విలియం ఎదుట కవాతులో నిలిచిన సైనికులే ఎండకు సొమ్మసిల్లినారు. వారూ బలహీనులేనా?

పడిన మనిషిని మనవారే కుర్చీలో కూర్చోబెట్టి, తాళాల గుత్తి చేతిలో పెట్టినారు. ఇది మన తప్పు, ఒప్పుకొందాము. వెల్లకిల పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టవలెను. స్పృహ రాకముందు నోట నీరు పోయరాదు. ఒకటి రెండు నిమిషాలలో తెలివి రాకపోయినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే చల్లబరుస్తూ ఆసుపత్రికి చేర్చవలెను. శ్రమ చేస్తుండగానే పడినా, ఛాతీ నొప్పి ఉన్నా గుండె పరీక్ష తప్పదు. ఆ పరీక్ష వద్దని మేము అనుట లేదు. పరీక్ష పేరుతో నేరం ఉద్యోగిపై మోపుటనే ప్రతిఘటిస్తున్నాము.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణ ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చినవి. ఆ వేసవిలోనే ఢిల్లీలో నిర్మాణ కార్మికులకు మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు వేతనంతో విరామమివ్వాలని లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశించినారు. మరి పట్టాల వెంట నడిచే ట్రాక్‌మన్? కౌంటరు గుమాస్తా? ఇంజనులో మరుగుదొడ్డి లేదని దాహాన్ని చంపుకొనే మహిళా లోకోపైలట్?

వరుసలో ఒక బల్ల, త్రాగునీరు, నడి మధ్యాహ్నపు బీటుకు వేళ మార్పు: మేము అడిగినది ఇంతే. బల్లకు నిధులు లేవన్నారు. వైద్యపరీక్ష మెమో మాత్రం మరునాడే వచ్చింది.