ముంగిటి గణితము

ఎక్కములు తడుముకొనక యొప్పగించు బాలుఁడు, ముంగిటి ముగ్గులో చుక్కలెన్నియని యడిగినచో వ్రేలుపెట్టి యొక్కొక్కటే లెక్కించుట మేము చూచియున్నాము. తప్పు వానిది కాదు. లెక్క యనఁగా పలకమీఁదిదే యని మనమే నేర్పితిమి.

నడుమ 7 చుక్కలు పెట్టి, ఇరుప్రక్కల సందుచుక్కలుగా 6, 5, 4 వఱకు దింపిన ముగ్గును చూడుఁడు. ఒక ప్రక్క మూఁడు వరుసలు కలిపిన 15. రెండు ప్రక్కలకు 30. నడిమి వరుసతో 37. ఈ కిటుకు తెలిసిన పిల్లలు, 9 నుండి 5 వఱకు దింపిన ముగ్గులో 61 చుక్కలని నేల చూడకయే చెప్పుదురు.

ముగ్గు ఆఁడుపిల్లల పనియని కొడుకులను లోనికిఁ బంపు తల్లులతో మేమేకీభవింపము. పిండి కొంత యొలుకును, ఒలుకనిండు. 11 నుండి 6 వఱకు దింపినచో చుక్కలెన్నియో మేమిచటఁ జెప్పము. రేపు తెల్లవాఱఁగనే ముంగిటఁ దేల్చుకొనుఁడు.