గుర్తుపట్టని చుట్టం

పిల్లలూ! మన శీర్షికకు నెలనెలా మీరు రాసే ఉత్తరాలలో సగం ఆకాశాన్ని గురించీ, సముద్రాన్ని గురించీ ఉంటాయి. ఈసారి ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి తమ ఇంట్లో బల్లమీద జరిగిన సంగతి రాసింది. ఆమె వేసిన ప్రశ్న చిన్నదే: "నిన్నటిదాకా ఎరిగిన ప్రింటరును కంప్యూటరు ఇవాళ ఎరగనని ఎందుకంటుంది?" జవాబు మాత్రం అంత చిన్నది కాదు. పైగా ఆ ప్రశ్న వెనక ఒక తమ్ముడి కన్నీళ్ళు కూడా ఉన్నాయి. అందుచేత ముందు ఆ ఇంటి కథ చెప్పి, తరవాత సంగతి చెపుతాను.

ఆ అమ్మాయి అక్కకు మర్నాడు ఉదయం 9 గంటలకు ప్రవేశపరీక్ష. హాల్ టికెట్టు కాగితం మీద అచ్చువేసి తీసుకుపోకపోతే లోపలికి రానివ్వరు. అప్పటికే రాత్రి చాలా పొద్దుపోయింది. వీధి చివర జిరాక్సు కొట్టు మూసేశారు. ఇంట్లో ప్రింటరు ఉంది గదా అన్న ధీమాతో అందరూ అంతదాకా ఊరుకున్నారు. తీరా అక్క బటను నొక్కితే ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. ఈ పరికరాన్ని గుర్తించటం సాధ్యం కాలేదని తెర మూల ఒక మాట మాత్రం కనిపించింది. అక్క మళ్ళీ నొక్కింది. నాన్నగారు వచ్చి నొక్కారు. అమ్మ కూడా వచ్చి నొక్కింది. మొత్తం ఏడుసార్లు నొక్కారు. లాభం లేకపోయింది.

"దీన్ని ఆఖరున ముట్టుకున్నది ఎవరు?" అని నాన్నగారు అడిగారు.

అందరూ మూడో తరగతి చదివే తమ్ముడికేసి చూశారు. శనివారంనాడు వాడు ఒక పులి బొమ్మ అచ్చువేసుకున్నాడు. ఇది మంగళవారం రాత్రి. ఇంకేముంది? "నువ్వే ఏదో నొక్కి పాడుచేశావు!" అని నాన్నగారు కేకలేశారు. వాడు, "నేనేం చెయ్యలేదు," అని ఏడుస్తూ పోయి ముసుగు తన్ని పడుకున్నాడు.

ఇక్కడ కథ ఆపుతాను. మీరు ఒక్క క్షణం ఆలోచించండి. పులి బొమ్మ చక్కగా అచ్చయింది. అంటే తమ్ముడు ముట్టుకున్నప్పుడు ప్రింటరు బాగానే ఉన్నదన్నమాట. అది వాడికి సాక్ష్యమే గాని, వాడిమీద నేరం కాదు! అయినా ఆ కంగారులో ఎవరికీ ఆ మాట తోచలేదు.

సరే, ఇంతకూ గుర్తుపట్టటం అంటే ఏమిటి? కంప్యూటరుకు కళ్ళు లేవు. ప్రింటరు ఎదురుగా ఉన్నా అది చూడలేదు. గుర్తుపట్టటమంతా తీగ గుండానే జరగాలి. అది మన ఇంటికి చుట్టం వచ్చినట్టే ఉంటుంది. మొదట తలుపు తట్టటం, తరవాత కూర్చోబెట్టటం, ఆ తరవాత ఊరూ పేరూ అడగటం, చివరకు మాటలు.

ప్రింటరును కంప్యూటరుకు కలిపే మామూలు తీగను యు.ఎస్.బి. తీగ అంటారు. మనం ఇళ్ళలో వాడే ఇలాంటి తీగలో సన్నని లోహపు తీగలు నాలుగుంటాయి. ఎర్రదీ నల్లదీ 5 వోల్టుల కరెంటు కోసం. తెల్లదీ ఆకుపచ్చదీ కబుర్ల కోసం. ప్రింటరు స్విచ్చి వేసి తీగ కలపగానే, ప్రింటరు లోపలి చిన్న నిరోధకం ఒకటి కబుర్ల తీగలలో ఒకదాని వోల్టేజిని పైకి లాగుతుంది. అదే తలుపు తట్టటం! కంప్యూటరు, "ఎవరో వచ్చారు," అనుకుంటుంది.

కొత్తగా వచ్చిన ఏ పరికరానికైనా మొదట ఉండే సంఖ్య సున్న. కంప్యూటరు దానికి 1 నుంచి 127 లోపల ఒక సంఖ్య కేటాయిస్తుంది. ఇది పీట వేసి కూర్చోబెట్టటం. ఆ పైన, "నువ్వెవరు?" అని అడుగుతుంది. ప్రింటరు రెండు సంఖ్యలు చెపుతుంది. ఒకటి తనను తయారుచేసిన సంస్థ సంఖ్య, రెండోది తన రకం సంఖ్య. మన ఇంటిపేరూ, పేరూ లాగా అన్నమాట. వీటితోబాటు తాను ఏ తెగకు చెందినదో కూడా చెపుతుంది. ప్రింటర్ల తెగకు 7 అన్న సంఖ్య ఉన్నది.

పేరు తెలిసినంత మాత్రాన మాటలు సాగవు. ప్రింటర్లు అన్నీ ఒకే భాష మాట్లాడవు. అందుకని కంప్యూటరు లోపల ఒక దుబాసీ ఉండాలి. ఆ దుబాసీనే డ్రైవరు అంటారు. పేరునుబట్టి తగిన దుబాసీని వెతికి, పక్కన కూర్చోబెట్టిన తరవాతనే అచ్చు పని మొదలవుతుంది. ఈ తతంగమంతా కొద్ది సెకన్లలో ముగిసిపోతుంది. అందుచేతనే మనకు తెలియదు.

పూర్వం ఇంత సులువు లేదు. ప్రింటరుకు ఒక రకం తీగ, కీబోర్డుకు మరొక రకం, మౌసుకు ఇంకొక రకం ఉండేవి. ప్రింటరు తీగకు కంప్యూటరు పక్క 25 సూదులు, ప్రింటరు పక్క 36 పట్టీలు! అన్నిటికీ ఒకే తీగ ఎందుకు ఉండరాదని ఆలోచించి, పలు సంస్థలవారు కలిసి 1996లో యు.ఎస్.బి. పద్ధతిని వెలువరించారు. దీనికి రూపు దిద్దిన ఇంజనీర్లలో ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్ ముఖ్యుడు. ఆయన మొదటి డిగ్రీ చదువుకున్నది మన దేశంలోనే, గుజరాతులోని వడోదరలో.

ఇప్పుడు రోగం కనిపెట్టటం ఎలాగో చూద్దాం. వైద్యుడు నాడి చూసినట్టు, మనం చుట్టం ఎంతవరకు వచ్చి ఆగిపోయాడో చూడాలి. మూడు రకాలున్నాయి.

మొదటి రకం: తీగ కలిపినా కంప్యూటరులో చప్పుడు లేదు, తెరమీద మాట లేదు. అంటే తలుపు తట్టిన శబ్దమే లోపలికి వినిపించలేదు. ప్రింటరు దీపం వెలుగుతున్నదా? తీగ రెండు చివరలా గట్టిగా దిగిందా? ఇవి చూడండి. తరవాత తీగను కంప్యూటరులో మరొక రంధ్రంలో పెట్టండి. బల్లమీది కంప్యూటరయితే వెనకపక్క రంధ్రాలు మేలు. అవి లోపలి పెద్ద పలకకు నేరుగా అతికి ఉంటాయి. అప్పటికీ కాకపోతే మరొక తీగ తెచ్చి చూడండి.

రెండవ రకం: చప్పుడయింది గాని, గుర్తించలేకపోయాననే మాట వచ్చింది. అంటే తలుపు తట్టటం వినిపించింది, చెప్పిన పేరు మాత్రం సరిగా వినిపించలేదు. ఇలాంటప్పుడు తీగ లోపల ఎక్కడో నలిగి ఉండవచ్చు. లేదా మధ్యలో పెట్టిన అతుకులో, ఒకటికి నాలుగు రంధ్రాలు చేసే పెట్టెలో లోపం ఉండవచ్చు. తీగ మరీ పొడుగయినా ఇలాగే జరుగుతుంది. మధ్యవర్తులనందరినీ తీసేసి నేరుగా కలిపి చూడాలి. ప్రింటరు స్విచ్చి ఆపి, గోడ ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ వేస్తే అది మొదటినుంచీ తన పేరు చెప్పుకొస్తుంది. కంప్యూటరును కూడా ఒకసారి ఆపి వెయ్యటం మంచిదే.

మూడవ రకం: ప్రింటరు పేరు తెరమీద ఉన్నది గాని కాగితం రాదు. అంటే చుట్టం లోపలికి వచ్చాడు, దుబాసీతోనే చిక్కు. డ్రైవరు పాడయి ఉండవచ్చు, లేదా వేరే ప్రింటరుదై ఉండవచ్చు. అప్పుడు దాన్ని తీసేసి, తయారుచేసినవారి సొంత చోటునుంచే కొత్తది తెచ్చుకోవాలి. కొన్నిసార్లు కంప్యూటరు మన పనిని ఇంకొక ప్రింటరు పేర పంపుతూ ఉంటుంది. వేరే రంధ్రంలో తీగ పెడితే కొన్ని ప్రింటర్లను కొత్తవనుకుని, అదే పేరు పక్కన "కాపీ 1" అని రాసుకుంటుంది కూడా. ఇంకొకప్పుడు పాత పని ఒకటి వరుసలో అడ్డంగా నిలిచిపోయి, వెనకవాటిని కదలనివ్వదు. ఆ వరుసను తుడిచేస్తే దారి వస్తుంది.

తీగ లేని ప్రింటర్లకు వైఫై ఉంటుంది. వాటికి ముఖ్యసూత్రం ఒకటే: ప్రింటరూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉండాలి. కంప్యూటరు ఫోను వైఫైకి అతుక్కుని, ప్రింటరు ఇంటి వైఫైలో ఉంటే, రెండూ వేరు వేరు ఊళ్ళలో ఉన్నట్టే. చాలా ఇంటి ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జుల అలలనే వింటాయి, 5 గిగాహెర్ట్జుల అలలు వినలేవు. వైఫై పెట్టెను ఆపి వేసినప్పుడు ప్రింటరు చిరునామా మారిపోవటం కూడా కద్దు. అప్పుడు కంప్యూటరు పాత ఇంటి తలుపే తడుతూ ఉంటుంది.

ఇక మన కథకు వద్దాం.

తమ్ముడు ఏడుస్తూ పోయాక, ఆ అమ్మాయి ఒక కాగితం తీసుకుని, "పులి బొమ్మ వచ్చిన తరవాత ఏమేమి మారాయి?" అని పైన రాసింది. ఆలోచించగా ఒకటే తేలింది. ఆదివారంనాడు గదికి సున్నం వేయించి, సామాను సర్దారు. అప్పుడు ప్రింటరును గదిలో అవతలి మూలకు జరిపారు. తీగ అందకపోతే నాన్నగారే 5 మీటర్ల పొడిగింపు తీగ కొనుక్కొచ్చి, ప్రింటరు 2 మీటర్ల తీగకు జతచేశారు. మొత్తం 7 మీటర్లు!

ఇంట్లో ప్రింటర్లకు వాడే ఇలాంటి యు.ఎస్.బి. తీగ 5 మీటర్లకు మించరాదని నియమం. ఎందుకంటారా? తీగలో సంకేతం ఒక మీటరు పోవటానికి సుమారు 5 నానోసెకన్లు పడుతుంది. నానోసెకను అంటే సెకనులో నూరు కోట్లవ వంతు. ఇది ఎంతో తక్కువ అని మనకనిపిస్తుంది. కాని కంప్యూటరు ప్రశ్న వేసి జవాబు కోసం కాచుకునే గడువు కూడా అలాంటి నానోసెకన్లలోనే ఉంటుంది. అది దాటితే జవాబు రాలేదనే అనుకుంటుంది. పైగా పొడుగు తీగలోనూ, అతుకు దగ్గరా సంకేతం బలం తగ్గుతుంది. అలాంటి తీగ ఒక్కొక్కప్పుడు పని చెయ్యనూ వచ్చు. నమ్మటానికి మాత్రం లేదు.

ఆ అమ్మాయికి ఈ నానోసెకన్ల సంగతి తెలియదు. అయినా, మారినదాన్ని మునుపటిలాగా చేసి చూద్దామనుకున్నది. అక్క సాయంతో ప్రింటరును కంప్యూటరు పక్కకు మోసుకొచ్చి, పొడిగింపు తీగ తీసేసి, పాత తీగను పాత రంధ్రంలోనే పెట్టింది. "టిడింగ్!" అని చప్పుడయింది. మరుక్షణం ప్రింటరు గరగరమంటూ ఒక హాల్ టికెట్టు బయటికి తోసింది. ఇంకొకటి తోసింది. మరొకటి తోసింది. ఏడుసార్లు నొక్కారు గదా, ఏడూ వరుసలో కాచుకుని ఉన్నాయి!

నాన్నగారు ఆ తీగను చేతిలోకి తీసుకుని కాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికి పోయి, ముసుగు తీసి, "తప్పు నాదిరా, నాన్నా. నిన్ను ఊరికే అన్నాను," అన్నారు. తమ్ముడు నిద్రపోలేదు. వాడు వెంటనే, "అయితే ఇంకో పులి వేసుకోనా?" అని అడిగాడు. అక్క పరీక్షకు వేళకు చేరింది. మిగిలిన ఆరు కాగితాల వెనకపక్కన తమ్ముడు లెక్కలు చేసుకుంటున్నాడట.

చూశారా! "ఆఖరున ఎవరు ముట్టుకున్నారు?" అన్న ప్రశ్నకు ఒక పిల్లవాడు దొరికాడు, కారణం దొరకలేదు. "ఆఖరున ఏమి మారింది?" అన్న ప్రశ్నకు కారణం దొరికింది. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. సైన్సు రెండవ ప్రశ్న వేస్తుంది.

మీ ఇంట్లో ఇలా జరిగితే మూడు మాటలు గుర్తుంచుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి, రెండు మారిస్తే ఏది మందో తెలియదు. చేసినదల్లా కాగితం మీద రాసుకోండి. తడిచేతులతో ప్లగ్గు ముట్టుకోకండి, ప్రింటరు మూత లోపలి భాగాలు పెద్దవాళ్ళు లేకుండా విప్పకండి.

పెద్దలకు కూడా ఒక మాట. ప్రింటరు బాగుచేస్తామంటూ ఫోనులో ఎవరైనా డబ్బు అడిగినా, మీ కంప్యూటరును తమ చేతికి ఇమ్మన్నా ఒప్పుకోకండి. అలా మోసం చేసేవారు ఉన్నారు. ముఖ్యమైన కాగితాలు ఒక రోజు ముందుగానే అచ్చువేసి పెట్టుకోండి.

వచ్చే నెలకు మీకొక ప్రశ్న: అచ్చు మధ్యలో ప్రింటరు స్విచ్చి ఆపేస్తే, మిగతా పేజీలు ఎక్కడుంటాయి? ఆలోచించి, చేతనైతే పరీక్షచేసి, మాకు రాయండి. మీ తమ్ముడినో చెల్లెలినో పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెయ్యండి.