సముద్రపు హాజరుపట్టీ

పిల్లలూ! నేను చాలా ఏళ్ళు హెడ్మాష్టరుగా పనిచేసినవాణ్ణి గదా. పాత హాజరుపట్టీ చేతికిస్తే, ఆ ఏడు వానలు ఎప్పుడు పడ్డవో చెప్పగలను. ఎట్లాగంటారా? వానలు పడగానే నాట్లు మొదలవుతవి. పెద్ద పిల్లలు పొలానికి పోతారు. పట్టీలో ఆబ్సెంట్లు పెరుగుతవి. పట్టీలో వాన మాటే ఉండదు. అయినా వాన సంగతి తెలుస్తుంది.

సముద్రం అడుగున కూడా ఇటువంటి పట్టీ ఉన్నది. సముద్రంలో ఫొరామినిఫెరా అనే ప్రాణులున్నవి. ఒక్కొక్కదాని శరీరం ఒకే ఒక కణం. చాలా రకాలు సున్నంతో ఇసుకరేణువంత గుల్ల కట్టుకొని బతుకుతవి. చచ్చిపోతే ఆ గుల్ల అడుగుకు దిగి బురదలో కలుస్తుంది. బురద పొరమీద పొర పడుతుంది. పై పొర కొత్తది, కింది పొర పాతది.

వీటిలో గ్లోబిజెరైనా బుల్లాయిడిస్ అనే రకం ఒకటి. అరేబియా తీరాన నైరుతి గాలి వీచినప్పుడు పైనీరు తీరానికి దూరంగా జరిగిపోతుంది. ఆ చోటికి లోపలి చల్లని నీరు పైకి వస్తుంది. దానితోపాటు ఎరువువంటి లవణాలూ వస్తవి. మేత పెరుగుతుంది, ఈ ప్రాణులూ పెరుగుతవి. గాలి ఎంత బలమైతే వీటి గుల్లలు అంత ఎక్కువ.

1987లో ఒక పరిశోధక నౌక ఒమాన్ తీరం దగ్గర, సుమారు 800 మీటర్ల లోతున, గొట్టం దించి పొరలు పొరలుగా బురదను పైకి తీసింది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. శాస్త్రజ్ఞుడు అనిల్ గుప్తా, మరి ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఆ బురదలోని గుల్లలను లెక్కపెట్టి 2003లో ఫలితం ప్రకటించారు. సుమారు పదివేల ఏళ్ళ గాలి కథ బయటపడింది! మొదట్లో గాలి బలంగా ఉండేది. తరువాత తగ్గుతూ వచ్చింది. మధ్యమధ్య మరీ నీరసించిన కాలాలున్నవి. ఎక్కడో ఉన్న ఉత్తర అట్లాంటిక్ సముద్రం చల్లబడ్డ కాలాలతో అవి సరిపోయినవి. విచిత్రం కాదూ?

అయితే ఒక్క జాగ్రత్త. నా పట్టీలో ఆబ్సెంట్లు పెరగటానికి జాతరో, జ్వరాలో కూడా కారణం కావచ్చు. గుల్ల కూడా అంతే. అది గాలి సంగతి చెబుతుంది గాని, మీ ఊళ్ళో ఎంత వాన పడిందో చెప్పదు. అందుకే గుహల్లో పేరుకున్న సున్నపు స్తంభాలను, చెరువుల అడుగు మట్టిని కూడా పరీక్షించి, సాక్ష్యాలు సరిచూస్తారు.

ఇంత శ్రమ ఎందుకు? మన దేశంలో పరికరాలతో కొలిచిన వాన లెక్కలు సుమారు రెండువందల ఏళ్ళవే. మన అన్నమో, నైరుతి గాలి చేతిలో ఉన్నది. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో ఆ గాలి ఎట్లా మారుతుందో ఊహించాలంటే, ఇదివరకు ఎంత మారిందో తెలియాలి గదా!

మీరూ ఒక పట్టీ తయారు చేయండి. గాజుగ్లాసులో నీళ్ళు పోసి, ఇవాళ చెంచాడు ఇసుక, రేపు ఎర్రమట్టి, ఎల్లుండి నల్లమట్టి వేయండి. ఏనాడు ఏం వేశారో మీ నాన్నగారిని అడుగు నుంచి చదివి చెప్పమనండి.