ఆకు రాల్చిన అడవి ఎండిపోలేదు



బయోమ్‌ల పాఠం మనమంతా చదివాం. ఒకే తరహా వాతావరణం, ఆ వాతావరణంలో బతకడం నేర్చుకున్న మొక్కలు, జంతువులు ఉండే పెద్ద ప్రాంతాన్ని బయోమ్ అంటారు. టండ్రా, టైగా, గడ్డి భూములు, ఎడారులు, వర్షారణ్యాలు అని పరీక్షలో గడగడా రాసేస్తాం. ధ్రువపు ఎలుగుబంటి చలికి ఎందుకు చావదో చెబుతాం. ఒంటె మూపురంలో ఏముంటుందో కూడా చెబుతాం. (నీళ్ళు అని రాసేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది కొవ్వు, నీళ్ళు కాదు!) మరి సీతంపేట కొండలు ఏ బయోమ్ కిందికి వస్తాయి? ఈ ప్రశ్నకి ఎంతమందిమి చెయ్యెత్తగలం?

మనది ఉష్ణమండలపు ఆకురాల్చు అడవి. సీతంపేట, కురుపాం, భద్రగిరి, సాలూరు కొండలన్నీ తూర్పు కనుమల్లోవే. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైనే వాన పడుతుంది. 250 మిల్లీమీటర్ల కంటే తక్కువ పడే చోటుని ఎడారి అంటారు కాబట్టి, మనకి వాన తక్కువేం కాదు. కానీ ఆ వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపలే కురిసిపోతుంది. మిగతా నెలలు చెట్టు ఏటి తాగాల? మన అడవికున్న అసలు చిక్కు ఇదే.

చెట్టు వేరుతో నీళ్ళు తాగి, ఆకులోంచి ఆవిరిగా వదిలేస్తుంది. నేలలో తడి తగ్గాక కూడా ఆకులన్నీ ఉంచుకుంటే ఒంట్లో నీళ్ళన్నీ పోతాయి. అందుకే టేకు, ఇప్ప, బూరుగు, నల్లమద్ది చెట్లు ఆకు దులిపేస్తాయి. అమెజాన్ అడవిలో దాదాపు ఏడాది పొడుగునా వానే కాబట్టి అక్కడి చెట్లకు ఒక్కసారిగా ఆకు రాల్చే అవసరం రాదు. అమెరికా, యూరప్‌లలోని ఓక్, మేపుల్ చెట్లు కూడా ఆకు రాలుస్తాయి గానీ, చలికి భయపడి. అక్కడ శీతాకాలం నేలలో నీరు గడ్డకట్టుకుపోతుంది, వేరు తాగలేదు. ఉపాయం ఒకటే, కష్టం వేరు. టైగాలోని పైన్ చెట్టుది మరో దారి. ఆకుని సూదిలా సన్నగా చేసి, పైన మైనం పూత వేసుకుంటుంది. బ్రహ్మజెముడు ఆకునే ముల్లుగా మార్చేసింది.

మన ఇప్పచెట్టునే చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకు లేని కొమ్మల మీద పూత పడుతుంది. రాత్రిళ్ళు గబ్బిలాలు వస్తాయి. తెల్లారేసరికి పువ్వు నేల మీద ఉంటుంది. బూరుగు కూడా మోడుగా ఉన్నప్పుడే ఎర్రగా పూస్తుంది. ఆకుల అడ్డం లేకపోతే పిట్టకి పువ్వు దూరం నుంచే కనిపిస్తుంది కదా! మట్టిలో దాక్కున్న కప్పలు, ఆరుద్ర పురుగులు తొలకరి చినుకు పడగానే బయటికొస్తాయి. ఎండాకాలంలో అడవి చచ్చిపోలేదు. ఊపిరి బిగబట్టి కూర్చుంది, అంతే.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట. మనం ఆ రాలిన ఆకుని చెత్త అనుకుంటున్నాం, కాల్చేస్తున్నాం. ఇది తప్పు అని నా అభిప్రాయం.

ఫిబ్రవరి దాటితే రాత్రిపూట కొండల మీద మంట దండల్లాగ కనిపిస్తుంది. దూరం నుంచి చూడడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ ఆకు నేలకి దుప్పటి. కింద తడి ఆరిపోకుండా కాపాడుతుంది, వాన పడ్డాక కుళ్ళి ఎరువవుతుంది. చెదపురుగు, వానపాము, పుట్టకొక్కు దాని మీదే బతుకుతాయి. దుప్పటి కాలిపోతే మొదటి గట్టి వానకే పైమట్టి గెడ్డలోకి కొట్టుకుపోతుంది. నల్లమద్దిలాంటి పెద్దచెట్టుకు బెరడు మందం కాబట్టి మంటని ఓర్చుకుంటుంది. జానెడు మొక్క ఏం ఓర్చుకుంటుంది? ఏటేటా నిప్పు పడిన కొండమీద ముసలిచెట్లే మిగులుతాయి, గుంట మొక్కలు ఉండవు. ఇప్పచెట్టు పూతకు రావడానికి పదేళ్ళ దాకా పడుతుంది. ముసలిది పడిపోయిన రోజున మన పిల్లలు ఏ చెట్టు కింద పువ్వు ఏరతారు? చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకు, కొండచీపుర్లు ఇవన్నీ మన ఇళ్ళల్లో డబ్బులే. గిరిజన కో-ఆపరేటివ్ కార్పొరేషన్ 1956లో పెట్టారు. కొనేవాళ్ళున్నా అమ్మడానికి అడవిలో సరుకుండాలి కదా.

"నిప్పెట్టకపోతే పువ్వు ఏరడం ఎలాగరా? పాము కనబడదు" అని పెద్దలు అంటారు. అది నిజమైన భయమే, కొట్టిపారెయ్యకూడదు. మన తాతలు తెలివితక్కువ వాళ్ళూ కాదు. పూర్వం పోడు కొట్టిన కొండను ఏళ్ళ తరబడి బీడుగా వదిలేసేవారు, అడవి మళ్ళీ లేచేది. ఇప్పుడు కొండకి ఆ విశ్రాంతి లేదు, నిప్పు మాత్రం ఏటా వస్తోంది. కాబట్టి కొండంతా తగలెట్టే బదులు, ఏరబోయే చెట్టు కింద మాత్రం చీపురుతో ఊడ్చుకుంటే చాలు. పాత చీరలు రెండు కలిపి కుట్టి పరిస్తే పువ్వుకి మట్టి అంటదు, ఎండబెట్టినప్పుడు శుభ్రంగా ఉంటుంది. పని కొంచెం ఎక్కువే, కాదనను. కానీ చెట్టు బతుకుతుంది.

ఊరికి చెప్పే ముందు మన హాస్టలు సంగతి చూసుకుందాం. ఆదివారం శ్రమదానంలో ఆకులన్నీ ఊడ్చి కుప్పపోసి మనమే అగ్గిపుల్ల గీస్తున్నాం. పొగ డార్మిటరీలోకొచ్చి దగ్గుతున్నాం. అందుకని మూడు విన్నపాలు.

ఒకటి: వార్డెను గారూ, వంటశాల వెనక ఒక గొయ్యికి చోటు చూపించండి. తవ్వే పని మాది. ఆకులు, కూరగాయల తొక్కులు అందులో వేసి అప్పుడప్పుడు నీళ్ళు చల్లితే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. మన పెరట్లో ఆనపపాదుకీ మునగకీ అదే చాలు.

రెండు: ఈసారి వనమహోత్సవానికి అందం మొక్కలే కాకుండా ఇప్ప, చింత, నేరేడు, నల్లమద్ది కూడా నాటిద్దాం. ఇప్ప గింజ ఎక్కువ రోజులు నిల్వ ఉంటే మొలకెత్తదు. అందుచేత దొరికిన వారంలోనే తెచ్చి సంచుల్లో పెట్టాలి.

మూడు: మిత్రులారా, సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఈ మాట ఇంట్లో చెప్పండి. నిప్పు పెట్టే రోజులు ఆ తర్వాతే వస్తాయి. పెద్దలతో వాదించకండి, ఒక్క చెట్టు కింద ఊడ్చి చూపించండి.

సహారా ఎడారి గురించి చదవడం మంచిదే, మార్కులొస్తాయి. కానీ సహారాను మనం కాపాడలేం, దానికి మన అవసరం కూడా లేదు. ఈ కొండలకి ఉంది. నా అభిప్రాయం తప్పనిపిస్తే వచ్చే సంచికలో రాయండి, చదువుతాను. ఒప్పనిపిస్తే ఆదివారం పలుగు పట్టుకుని రండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి