హవాయి దీవులు: ఇంటి తెర, ఇంటి భాష

ఒక జాతి తన్ను తాను చూచుకొనే అద్దం వేరు. ఆ జాతిని చూడవచ్చిన పరదేశికి అమ్మజూపే చిత్రపటం వేరు. ఈ రెంటికీ గల భేదాన్ని హవాయి దీవుల ప్రజలవలె అనుభవించినవారు అరుదు. పసిఫిక్ మహాసముద్ర మధ్యంలోని ఆ దీవుల పేరు వినగానే ఎవరి కళ్లముందైనా మెదిలేది ఇసుకతీరం, కొబ్బరిచెట్టు, మెడలో పూలదండ వేసే యువతి. ఆ బొమ్మను గీసినవారిలో అధికులు ఆ దీవులవారు కారు. అందువల్లనే అక్కడి స్థానిక టెలివిజన్ కేంద్రాలు తమ ఆటపాటలను, తమ ఇరుగుపొరుగు జీవితాన్ని తమవారి కోసమే ప్రసారం చేసుకొనడాన్ని తేలిక వినోదంగా కొట్టివేయరాదని మేము భావిస్తున్నాము. అయితే వేడుక ఒక్కటే చాలదని, వేడుక వెనుక భాష నిలువకపోతే అది ఎంతోకాలం వెలుగదని కూడ మా అభిప్రాయము.

ఈ మాట బోధపడాలంటే కొంత పూర్వచరిత్ర తెలియాలి. 1820లో అమెరికా నుండి మిషనరీలు ఆ దీవులకు వచ్చిన పిదప, 1830లో రాణి కాహుమాను హులా నృత్యాన్ని బహిరంగంగా ప్రదర్శించరాదని శాసించింది. దేవతల స్తుతి, రాజుల వంశావళి, కొండల పేర్లు, గాలివానల పేర్లు సమస్తమూ ఆ నృత్యంతోపాటు పాడే గీతాలలోనే నిక్షిప్తమై యుండెను గనుక, హులాను నిషేధించడమంటే ఒక గ్రంథాలయానికి తాళం వేయడమే. 1874 నుండి 1891 వరకు పాలించిన కలాకౌవా రాజు ఆ తాళం తీసి, 1883లో తన పట్టాభిషేక మహోత్సవంలో హులాను సగౌరవంగా ఆడించినాడు. అతని చెల్లెలు లిలియుఓకలాని రాణిగా ఉండగా, 1893 జనవరి 17న కొందరు వర్తకులు, తోటల యజమానులు అమెరికా నావికాదళపు అండతో ఆమెను గద్దె దించినారు. 1896లో వచ్చిన చట్టం పాఠశాలలలో ఇంగ్లీషునే బోధనామాధ్యమంగా నిర్ణయించింది. 1898లో ఆ దీవులు అమెరికాలో కలుపబడినవి. 1959లో యాభయ్యవ రాష్ట్రమైనవి. బడిలో తల్లిభాష పలికిన బిడ్డకు శిక్ష, ఇంట తల్లిదండ్రులకు భయం. ఫలితంగా 1980ల ఆరంభానికి ఆ భాషను ధారాళంగా మాట్లాడగల బాలబాలికలు యాభైమంది కూడ లేరని లెక్క తేలింది.

భాష ఇట్లు కృశిస్తున్న కాలంలోనే ‘హవాయి’ అన్న పేరు మాత్రం లోకమంతటా మారుమ్రోగింది. 1935 నుండి 1975 వరకు వైకికీ తీరాన మొదలైన ‘హవాయి కాల్స్’ రేడియో కార్యక్రమం అలల చప్పుడుతోసహా దేశదేశాల శ్రోతలను యాత్రకు పిలిచింది. 1968 నుండి 1980 వరకు నడిచిన ‘హవాయి ఫైవ్-ఓ’ పోలీసు కథామాలికలో నాయకుడు బయటివాడు. దీవులవారు అతని ఆజ్ఞలు శిరసావహించే సహాయకులు. 1973 జనవరి 14న ఎల్విస్ ప్రెస్లీ హొనొలులులో చేసిన కచేరీ ఉపగ్రహం ద్వారా అనేక దేశాలకు ప్రసారమైంది. స్థానిక గీతరచయిత కూయి లీ పేరిట నెలకొల్పిన క్యాన్సర్ నిధికి ఆ కచేరీ ద్వారా ధనం సేకరించిరన్నది స్మరించదగినదే. అయినా ప్రపంచం ఆనాడు చూచింది ఎల్విస్‌ను. హవాయి ఆయన వెనుక తెరగా మిగిలింది.

దీవులలో మొదటి టెలివిజన్ ప్రసారం 1952 డిసెంబరులో ఆరంభమైనా, అందులో దీవులవారి గొంతు వినబడడానికి కొంతకాలం పట్టింది. 1966లో ప్రజాటెలివిజన్‌లో ‘పౌ హనా ఇయర్స్’ అనే కార్యక్రమం మొదలైంది. ‘పౌ హనా’ అంటే పని ముగిసిన వేళ. ఉద్యోగాలు విరమించిన వృద్ధులను కూర్చుండబెట్టి వారి అనుభవాలను, పాటలను, పనితనాలను చూపిన కార్యక్రమమది. 1972లో లారీ కిమురా రేడియోలో ‘కా లేఓ హవాయి’, అనగా ‘హవాయి గొంతు’, అనే కార్యక్రమం నడిపి, తల్లిభాషగా హవాయి నేర్చిన ముసలివారితో ఆ భాషలోనే సంభాషించినాడు. 1988 వరకు సాగిన ఆ సంభాషణలు నేడు భాష నేర్చుకొనేవారికి పాఠ్యగ్రంథాలవలె ఉపయోగపడుచున్నవి. ఆ పనికి గొప్ప యంత్రసామగ్రి అక్కరలేకపోయింది. అడిగేవాడు తన భాషలో అడిగినాడు, చెప్పేవారు తమ భాషలో చెప్పినారు. వినోద కార్యక్రమాలకు లక్షలు వెచ్చించేవారు దీనిని గమనింపదగును.

ఇక నేటి స్థానిక ప్రసారాలలో తలమానికమైనది హిలో పట్టణంలో ఈస్టర్ పండుగ తరువాతి వారంలో జరిగే మెరీ మోనార్క్ ఉత్సవము. ‘ఉల్లాసపు రాజు’ అని పేరుపడిన కలాకౌవా జ్ఞాపకార్థం 1960లలో ఆరంభమైన ఈ ఉత్సవంలో 1971 నుండి హులా పోటీలు జరుగుచున్నవి. మొదటి రాత్రి యువతుల వ్యక్తిగత పోటీ, రెండవ రాత్రి తాళవాద్యంతో, మంత్రోచ్చారణవంటి గానంతో సాగే ప్రాచీన హులా, మూడవ రాత్రి తీగవాద్యాలతో కూడిన నవీన హులా. ‘కుము’ అనబడే గురువులు తమ శిష్యబృందాలను నెలల తరబడి శిక్షించి తెస్తారు. వ్యక్తిగత పోటీలో భాషకు ప్రత్యేక బహుమతి కూడ ఉన్నది. 1980ల తొలినాళ్ల నుండి ఈ పోటీలను టెలివిజన్ దీవులన్నిటికీ చూపుచున్నది. క్రీడాప్రాంగణంలో కొన్నివేలమందికే చోటు. ఇంటి తెర ముందు మాత్రం అవ్వలు, మనుమలు ఒక్కచోట కూర్చుండి ఏ బృందపు అడుగు శ్రుతి తప్పినదో, ఏ గురువు ఏ పరంపరకు చెందినవాడో వాదించుకొంటారు.

2020లో కోవిడ్ మహమ్మారి వల్ల ఉత్సవం ఆగిపోయింది. 2021 జూన్‌లో ప్రేక్షకులు లేని ప్రాంగణంలో పోటీలు జరిపి, చిత్రీకరించి, జూలైలో ప్రసారం చేసినారు. ఆ ఏడు దీవులవారికి టెలివిజనే ప్రాంగణమైంది. స్థానిక కేంద్రమన్నది లేకున్నచో గురువుల శ్రమ ఆ ఖాళీ ఆసనాల నడుమనే నిలిచిపోయేది.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. ఆలయంవంటి చోట ఆడవలసిన నృత్యాన్ని మార్కులు వేసే పోటీగా, వాణిజ్య ప్రకటనల నడుమ ముక్కలుగా చూపడం దానిని చిన్నబుచ్చడం కాదా? ఈ ఆక్షేపణలో సత్యం లేకపోలేదు. కెమెరా అందమైన ముఖాన్ని వెదకును. పాటలోని అర్థాన్ని వెదకదు. కాని నిషేధంవల్ల, అవమానంవల్ల మరుగుపడిన కళకు మరుగున ఉండడమే పవిత్రత అని చెప్పడం న్యాయం కాదు. పర్యాటకుడి కోసం ఆడే హులాలో తప్పు దొర్లినా అతనికి తెలియదు. తెలిసినవారి ముందు ఆడినపుడే కళకు క్రమశిక్షణ నిలుచును. స్థానిక ప్రసారం చేసిన ఉపకారం ఇదే: నర్తకి ఎదుట తెలిసినవారిని కూర్చుండబెట్టింది.

అయినను సంవత్సరానికి మూడు రాత్రుల పండుగ భాషను బ్రతికింపజాలదు. 1978 రాష్ట్ర రాజ్యాంగ సవరణతో హవాయి భాషకు ఇంగ్లీషుతోపాటు అధికారభాషా ప్రతిపత్తి లభించింది. కాగితంమీది ఆ హోదాకు ప్రాణం పోసినవారు తల్లిదండ్రులు. 1984లో ‘పూనన లేఓ’, అనగా ‘గొంతుల గూడు’, అనే శిశుపాఠశాలను హవాయి మాధ్యమంలో నెలకొల్పినారు. 1986లో పాత నిర్బంధం తొలగింది. 1987లో ప్రభుత్వ పాఠశాలలలో ఆ మాధ్యమం ప్రవేశించింది. అట్టి బడులున్నందువల్లనే 2008లో ‘ఓయివి టీవీ’ వంటి స్వదేశీయ ప్రసార సంస్థకు అవకాశం కలిగింది. చూచి గ్రహించే పిల్లలు లేనిచో ఆ భాషలో వార్తలు ఎవరికి చదువుతారు? 2011 నుండి ప్రజాటెలివిజన్‌లో వస్తున్న ‘హికీ నో’ కార్యక్రమంలో వివిధ దీవుల విద్యార్థులే తమ ఊరి విశేషాలను చిత్రించి, రచించి, చదువుచున్నారు. తన ఊరి జాలరిని, తన వీధి వృద్ధురాలిని పదునాలుగేళ్ల బాలిక ప్రశ్నించే ఆ దృశ్యం ఏ మహోత్సవానికీ తీసిపోదని మా నమ్మకము.

మరొక చిక్కు ‘సమాజం’ అన్న మాటలో ఉన్నది. చెరకుతోటల పనికి చీనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్ మొదలగు దేశాల నుండి వచ్చినవారి సంతతి నేడు ఆ దీవులలో విస్తారముగా ఉన్నది. వారందరి మాటలు కలిసి పుట్టిన పిజిన్ భాషలో రాప్ రైప్లింగర్ 1982లో ప్రదర్శించిన ‘రాప్స్ హవాయి’ హాస్యాన్ని అన్ని జాతులవారు తమదిగా భావించినారు. ఇట్టి కలయిక ముచ్చటైనదే. కాని “మనమందరం ఇక్కడివారమే” అన్న తీయని మాట కింద మొదటినుండి ఆ నేలపై ఉన్నవారి నష్టం కప్పబడిపోరాదు. 1893 నాటి కుట్రను వివరించిన ‘యాక్ట్ ఆఫ్ వార్’ అనే చిత్రం సరిగా నూరేళ్లకు, 1993లో వెలువడింది. అదే సంవత్సరం అమెరికా కాంగ్రెసు ఆ దుశ్చర్యకు క్షమాపణ తీర్మానం చేసింది. పూలదండను చూపే తెర పోగొట్టుకొన్న రాజ్యాన్ని కూడ చూపవలెను.

యాజమాన్యం సంగతి కూడ విస్మరింపరాదు. 2009లో హొనొలులులోని మూడు కేంద్రాల వార్తావిభాగాలు ఒక్కటైనవి. అనేకులు ఉద్యోగాలు కోల్పోయినారు. సముద్రానికి ఆవల ఉన్న యజమాని లెక్కలు చూచుకొన్ననాడు మొదట బలియయ్యేది ముసలివారి ముచ్చట్లే. కనుక స్థానిక ప్రసారాన్ని వ్యాపారుల దయకు వదలక, ప్రజల చందా, విద్యాసంస్థల అండ దానికి ఉండవలెనని మేము కోరుచున్నాము.

ఈ దూరదేశపు గొడవ మనకేల అందురేమో. తీగలపై ఉక్కుకడ్డీని జార్చి వాయించే గిటారును హవాయివారు 19వ శతాబ్దాంతంలో రూపొందించినారు. 1940లలో తావ్ మోయె కుటుంబం కలకత్తాలో నివసించి ఆ వాద్యాన్ని మనవారికి పరిచయం చేసింది. బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై రాగాలాపన చేసినాడు. విశ్వమోహన్ భట్ దానిని మోహనవీణగా మార్చి 1994లో గ్రామీ బహుమతి పొందినాడు. రేడియోలో ఆ వాద్యంపై సినిమా పాటలు విని ఆనందించిన మనలో ఎందరికి అది ఏ ప్రజల కానుకయో తెలియును? నాదం మనదాకా వచ్చింది. వాయించిన చేతుల కథ రాలేదు. తమ కథ తాము చెప్పుకొనే సాధనం ఆ చేతులకు అప్పట్లో లేదు.

ఉర్దూ, తెలుగు ఒకే అట్టలమధ్య కూర్చుండే ఈ సంచిక పాఠకులకు భాష విలువ వేరుగా చెప్పనక్కరలేదు. ముషాయిరాకు చప్పట్లు చరచి, అవధానానికి శాలువ కప్పి, ఇంటికి పోయి బిడ్డతో ఆ భాషలో ఒక్క మాటైనా ఆడని పెద్దలు మనలోను ఉన్నారు. హవాయి తల్లిదండ్రులు తెర వెలుగును నమ్ముకొని ఊరకుండలేదు. ముందు బడి పెట్టినారు, పిమ్మట ఆ బడి పిల్లల చేతికి కెమెరా ఇచ్చినారు. ఆ వరుసక్రమాన్ని మన విద్యార్థులు గుర్తించి, తమ ఇంటి అవ్వను, తాతను అడగవలసిన ప్రశ్నలు ఈ సెలవులలోనే అడిగి వ్రాసిపెట్టుకొందురని ఆశించుచున్నాము.